టేపు అయిపోయాక పాడిన పాట

మీలా పెట్టె సర్దడం సుసన్న మంగళవారం నాడే మొదలుపెట్టింది. ప్రయాణం శుక్రవారం సాయంత్రం. నీలంరంగు గట్టి పెట్టె, ఒక చక్రం ఊగుతుంది. ముందు ఆ చక్రానికి తాడు బిగించి కట్టింది. తరువాత అడుగున పాత దుప్పటి పరిచి, మీలా తల్లికి కొన్న కుంకుమపువ్వు డబ్బీ, తమ్ముళ్ళకి బనియన్లు, ఊళ్ళో పంచడానికి సబ్బులు పేర్చింది. వాటి మీద పాటలకి వేసుకునే గౌన్లు. ఒక్కో గౌను చేతులు లోపలికి మడిచి, మడత పడేచోట మెత్తటి చీర ముక్క పెట్టి, నిద్రపోయే పసిపిల్లను దించినట్టు దించింది.

మీలా మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని చూస్తోంది.

"ప్రయాణం ఇంకా ఎక్కడుంది అతే? అన్నీ అందులో పెట్టేస్తే నేను వేసుకునేదేమిటి?"

అతే అంటే ఆ ఫిలిప్పీన్ పిల్ల భాషలో అక్క.

"ఆఖరి నిమిషంలో సర్దితే ఏదో ఒకటి మర్చిపోతాం. విమానం నీకోసం ఆగదు."

"ఆగకపోతే ఇక్కడే ఉండిపోతాను. నీకేగా సంతోషం!"

సుసన్న నవ్వలేదు. ప్రయాణాల మీద హాస్యాలు ఆమెకు పడవు.

వాళ్ళిద్దరి మధ్య నడిచే భాష సగం హోటలు ఇంగ్లీషు, సగం దోహా బజారు హిందీ. అవి చాలనిచోట చేతులు. సుసన్నది నరసాపురం. దోహాలోని ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు, బల్లగుడ్డలు భద్రపరిచే లినెన్ రూములో చిరుగులు కుట్టే పని. మీలా ఆ హోటల్లోనే రెండో అంతస్తు లాంజిలో పాటలు పాడుతుంది. ఒకసారి చెయ్యి చిరిగిన గౌను పట్టుకుని వస్తే సుసన్న ఆ చిరుగు మీద లేసు అల్లి ఇచ్చింది. అప్పటినుంచి మీలా గౌన్లన్నిటికీ నరసాపురం లేసే. ఇద్దరికీ స్టాఫ్ క్వార్టర్సులో ఒకే గది.

పెట్టె నడిమధ్య సుసన్న అరచేయి పట్టేంత చోటు ఖాళీ వదిలింది. దాంట్లో లేసు రుమాలు ఒకటి పరిచింది.

"అక్కడేం పెడతావు?"

"నీ టేపు," అంది సుసన్న.

మీలా ఇంక హాస్యమాడలేదు.

ఆమె ఒకప్పుడు మనీలాలో పేరున్న గాయని. పదిహేడో ఏట మొదటి క్యాసెట్టు వచ్చింది. అందులో రేవు పాట ఒకటుంది, ఓడ దిగి వచ్చే అన్న కోసం రేవులో కూర్చున్న చెల్లెలు పాడే పాట. ఒక వానాకాలమంతా అది అక్కడి జీపుల్లో, మంగలి షాపుల్లో, ఆసుపత్రి వరండాల్లో మోగిందట. రెండో క్యాసెట్టు ఫరవాలేదనిపించుకుంది. మూడోది రికార్డు చేశారు గాని బయటికి తియ్యలేదు. ఈలోగా కంపెనీవాళ్ళకి ఇంకో పిల్ల దొరికింది. ఆ పైన మీలా పాడిందంతా హోటళ్ళలోనే. దోహా వచ్చి నాలుగేళ్ళయింది. లాంజిలో జనం తింటూ, మాట్లాడుకుంటూ ఉంటారు. పాట అయ్యాక ఎవరైనా ఒకరు తలెత్తి చూస్తే అవే చప్పట్లు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో మనీలా నుంచి ఫోను వచ్చింది. పాత కంపెనీలో అప్పట్లో గుమస్తాగా ఉన్నతను ఇప్పుడు పాటలు ఎంచే పెద్దమనిషి అయ్యాడు. "స్టూడియోలో పాడినవి ఇప్పుడెవరికీ అక్కర్లేదు. జనం మధ్య పాడినవే కొంటున్నారు. లైవ్ ఆల్బమ్ ఒకటి చేసి తీసుకురా. ఒక్క గంట. మధ్యలో ఆపి అతికినట్టుంటే నేను వినను. జనం గొంతు వినపడాలి. చివర నీ సొంత పాట కొత్తది ఒకటి ఉండాలి. నేను చూసేది ఆ పాటనే," అన్నాడు. సెలవు మీద వెళ్ళి వస్తున్న ఒక నర్సు చేత టేపు కూడా పంపాడు. మామూలు క్యాసెట్టు కాదు. అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్దదిగా ఉంది. అలాంటిది దోహా కొట్లలో ఎంత వెతికినా ఇంకొకటి దొరకలేదు.

ఆ టేపే మీలాకి మిగిలిన దారి. అది కుదిరితే మనీలాలో మళ్ళీ గాయని. కుదరకపోతే అక్టోబరులో ఇదే లాంజికి తిరిగి రావడం. హోటలువాళ్ళు రానూపోనూ టికెట్టు ఇచ్చారు. ముప్పై దాటిన గాయనిని ఇంకెన్నాళ్ళు ఉంచుకుంటారో వాళ్ళకే తెలియాలి.

సుసన్న రోజూ పొద్దున్నే ఆ టేపు కోసం ప్రార్థన చేసేది. చేసినంతసేపూ మనసులో ఒక మూల ఇంకో మాట మెదిలేది. కుదరకపోతే ఈ పిల్ల తిరిగి వస్తుంది కదా. ఆ మాటను తరిమి ఆమెన్ అనేది.

సుసన్నకి తల్లి నుంచి వచ్చిన అలవాటు ఒకటుంది. ఎవరైనా దూరం వెళ్తుంటే వాళ్ళ మూటలోంచి వాళ్ళకి తెలియకుండా ఒక వస్తువు తీసి ఇంట్లో దాస్తారు. ఆ వస్తువు కోసం మనిషి తిరిగి వస్తాడని. బైబిలు చదివే ఇళ్ళలో ఇలాంటివి పైకి చెప్పుకోరు, చేసుకుంటారు. భర్త నిత్యానందం కువైట్ వెళ్ళిననాడు స్టేషనుకు తీసుకెళ్ళే జీపు అనుకున్నదానికన్నా ముందే వచ్చేసింది. ఆ తొందరలో ఆమె ఏదీ తియ్యలేకపోయింది. యుద్ధం అయ్యాక ఎవరిని అడిగినా అతని సంగతి తెలియదన్నారు.

మీలా నీళ్ళు పోసుకోవడానికి వెళ్ళినప్పుడు సుసన్న పెట్టెలోంచి వెండిరంగు చెప్పు ఒకటి తీసి తన తలగడ కింద పెట్టుకుంది.

లాంజిలో రికార్డు చేయడానికి మేనేజరు ఒప్పుకోలేదు. కావాలంటే స్టాఫ్ భోజనాల హాలు వాడుకోండి, గురువారం సాయంత్రం, వంట ఆగకూడదు అన్నాడు. యంత్రం సంగతి జెర్రీ చూసుకున్నాడు. జెర్రీ గుడివాడ మనిషి, హోటల్లో కరెంటు పనీ, మైకుల పనీ అతనివే. అల్ దోహా అల్ జదీదా పేటలో మైకు సెట్లు అద్దెకిచ్చే హైదరాబాదీ నిసార్ అహ్మద్ దగ్గర ఆ చిన్న టేపు పట్టే మిషను ఉంది. ఆ ఒక్క సాయంత్రానికి ఇస్తానన్నాడు.

"ఇంక జనం కావాలి అతే," అంది మీలా. "చప్పుడు చేసే జనం. మావాళ్ళు చాలామంది డ్యూటీలో ఉంటారు. నువ్వు తేగలవా?"

"ఎంతమంది కావాలి?"

"లాంజిలో లాగా తింటూ కూర్చోనివాళ్ళు. ఎంతమందైనా సరే."

సుసన్న ముందుగా సైలస్ దగ్గరికి వెళ్ళింది. సైలస్‌ది పాలకొల్లు. స్టాఫ్ వంటశాలలో పెద్ద వంటవాడు. ఆయన్ని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు.

"బాబాయ్, గురువారం మీలమ్మ పాటలు. ఊరికే వచ్చి కూర్చునేవాళ్ళు వద్దు. నచ్చితే నచ్చిందని నోరు తెరిచి చెప్పాలి. అది టేపులో పడాలంట."

"ఆయ్, ఆ సంగతి నాకొదిలెయ్యి. పద్యనాటకం అంటే ముందు వరసలో చాపేసుకు కూర్చున్నోణ్ణి. పాడేవాళ్ళకి జనం ఎలా బలమివ్వాలో నన్నడుగు."

"మన భాష కాదు బాబాయ్."

"పద్యాలు మాత్రం నాకర్థమై ఏడ్చాననుకున్నావేంటే?" అన్నాడు సైలస్, ఉల్లిపాయలు తరుగుతూ.

తరువాత ముత్యం. హోటలు దుప్పట్లు ఉతికే ప్లాంటు ఇండస్ట్రియల్ ఏరియాలో ఉంది. అక్కడ ఇస్త్రీ మిషను మీద ఉంటాడు, పనివాళ్ళ క్యాంపులో బస. జగిత్యాల వైపు మనిషి. రోజూ దుప్పట్ల బండితో లినెన్ రూముకి వస్తాడు.

"ఎంతమందిని తేవాలె అక్కా?"

"మీ క్యాంపు బస్సు పట్టినంతమందిని."

"మావోళ్ళు పాటంటె ఊకుంటరా! గని అక్కా, బిర్యాని ఉన్నదా?"

"ఉంది. సైలస్ బాబాయ్ చేస్తున్నాడు."

"అయితె రెండు బస్సులు తెస్త. ఏం జెయ్యాలె మేము?"

"బాగుంటే బాగుందని గోల చెయ్యండి. గమ్మున కూర్చుంటే ఊరుకోను."

"యల్లా!" అన్నాడు ముత్యం, సరే పద అనే అరబ్బీ మాట. "గోల జేసుడు మాకు నేర్పుతున్నవా అక్కా!"

గురువారం మధ్యాహ్నం మీలా గది అంతా తలకిందులు చేసింది.

"వెండి చెప్పు ఒకటే ఉంది. రెండోది కనపడదేం? ఆ గౌనుకి అవే వేసుకోవాలి."

సుసన్న చాలాసేపు తనూ వెతికింది. మంచం కింద వంగింది, బీరువా వెనక చూసింది. చివరికి తప్పక తలగడ ఎత్తింది. మీలా చెప్పుని చూసింది, సుసన్న ముఖం చూసింది.

"అతే, నువ్వు దొంగవి కూడానా?"

సుసన్న తలొంచుకుని తల్లి నేర్పిన అలవాటు చెప్పింది. నిత్యానందం సంగతి కూడా చెప్పింది. జీపు ముందే వచ్చేయడం చెప్పింది. మీలా మంచం అంచున కూర్చుని చెప్పు తొడుక్కుంటూ వింది. దాని పట్టీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

"టేపు కుదిరినా కుదరకపోయినా అక్టోబరులో ఒకసారి వస్తాను," అంది. "చెప్పు దాచకపోయినా వస్తాను. ఇవాళ మాత్రం నాకు రెండు కాళ్ళకీ ఉండాలి."

భోజనాల హాల్లో బల్లలు గోడలవైపు జరిపారు. సుసన్న వెనక తెరగా నాలుగు తెల్ల దుప్పట్లు కట్టింది. వాటి ముందు ఒక పక్కగా లాంజిలో వాయించేవాళ్ళు కూర్చున్నారు. వంటశాలలోంచి మసాలా వాసన వస్తోంది. ముందు వరసలో సైలస్, ఆయన వంటవాళ్ళు, గోదావరి వైపు మనుషులు. వెనక ముత్యం మనుషులు, ఇస్త్రీ చేసిన చొక్కాలతో, తడి దువ్వుకున్న తలలతో. డ్యూటీ లేని ఫిలిప్పీన్ ఆడపిల్లలు కొందరు పక్కగా నిలబడ్డారు. మూలన జెర్రీ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మిషను ముందు కూర్చున్నాడు. మిషను మీద ఎర్రదీపం వెలిగింది. ఇంక ఆపకూడదు. మీలా వరస తప్పకుండా సరిపెట్టుకుంది, పది చిన్న పాటలు, గంటలో బాగానే మిగులు. పదోది కొత్త పాట.

ఆ పాట సంగతి సుసన్నకి తెలుసు. విమానాశ్రయంలో గాజుగోడకి ఇవతల పిల్ల, అవతల తల్లి. తల్లి ఏదో చెబుతోంది. నోరు కదులుతోంది గాని మాట వినపడదు. పిల్ల విన్నట్టుగా తలూపుతుంది. అంతే పాట. మీలా లాంజిలో దాన్ని ఎప్పుడూ పాడలేదు. ముళ్ళగరిటెల చప్పుడులో పడెయ్యడానికి మనసొప్పలేదంది.

మొదటి పాటకి చప్పట్లు బాగానే మోగాయి. రెండో పాట కొంచెం విషాదంగా ఉంటుంది. చివర గొంతు పైకెత్తి అక్కడే నిలిపి, మెల్లగా దించాలి. ఆమె దించిందో లేదో సైలస్ లేచి నిలబడ్డాడు. భుజం మీద తువ్వాలు తీసి గాల్లో తిప్పాడు.

"వన్స్ మోర్!"

ముందు వరసంతా అందుకుంది. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

గోదావరి జిల్లాల్లో నాటకం చూసినవాళ్ళకి అది కొత్త కాదు. పద్యం బాగుంటే జనం వన్స్ మోర్ అంటారు, పాడినవాడు దాన్ని మళ్ళీ మొదటినుంచి అందుకుంటాడు. అనకపోతే అతనికి అవమానం. అన్నాక పాడకపోతే జనానికి అవమానం. మీలాకి ఇదంతా తెలియదు. ఆమెకి తెలిసింది హోటలు పద్ధతి. లాంజిలో అతిథి ఏ పాట అడిగినా కాదనకూడదు, నవ్వి పాడాలి. నాలుగేళ్ళలో ఆమె ఒక్కసారీ కాదనలేదు. అసలు నాలుగేళ్ళలో ఒకే పాటను రెండోసారి అడిగినవాళ్ళు కూడా లేరు. ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా విప్పారింది. వాయించేవాళ్ళవైపు తిరిగి తలూపింది. పాట మళ్ళీ మొదలైంది.

మూడో పాటకి వెనక వరసలు కూడా నేర్చుకున్నాయి. ముత్యం మనుషులు బల్లలెక్కారు. "మల్లొకసారి! వన్స్ మోర్!" ఈలలు. ఎన్నో నెలలుగా ఎవరినీ ఏదీ అడగని మనుషులు, అడిగితే దొరుకుతుందని తెలిసి ఆగలేదు. సుసన్నకి ముందు గర్వంగా అనిపించింది. తను తెచ్చిన జనం. మీలా గొంతు పాట పాటకీ తెరుచుకుంటోంది. ఫిలిప్పీన్ పిల్లలు ఏడుస్తూ నవ్వుతున్నారు.

ఆరో పాట అయ్యాక జెర్రీ చేత్తో పిలిచాడు. సుసన్న వంగి వెళ్ళింది.

"సుసన్నక్కా, కొంప మునిగేట్టుంది," అన్నాడు చెవిలో. "ప్రతి పాటా రెండుసార్లు. టేపు మూడింట రెండు వంతులు అయిపోయింది. ఇంకా నాలుగున్నాయి. ఇలాగే సాగితే చివరి పాట పట్టదు."

"ఆపి మళ్ళీ పెట్టరాదా?"

"ఆపితే అతుకు తెలుస్తుందంట. ఏం జరిగినా ఆపొద్దని ఆవిడే ఒట్టు వేయించుకుంది."

"అయితే ఆవిడకే చెప్పు, పాటలు తగ్గించమని."

"ఎలా చెప్పను? మైకు దగ్గరికెళ్ళి మాట్లాడితే అదీ టేపులో పడుద్ది. ఇందాకటినుంచి చెయ్యి తిప్పుతున్నా. బాగుందంటున్నాననుకుని నవ్వుతోంది. నువ్వే మనవాళ్ళ నోళ్ళు మూయించు."

సుసన్న లేచి నిలబడింది. రెండడుగులు వేసి ఆగిపోయింది. మీలా ఏడో పాట మొదలుపెట్టింది. ఎదురుగా సైలస్ తల కనపడుతోంది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. కాళ్ళు కదలలేదు. టేపు కుదరకపోతే అక్టోబరులో వస్తుంది. పెట్టె ఇదే గదిలో, ఇదే మంచం పక్కన దిగుతుంది. ఎర్రదీపం వెలుగుతోంది. ఏడో పాట అయింది. సైలస్ తువ్వాలు లేచింది. ఏడో పాట మళ్ళీ మొదలైంది. మీలా కళ్ళు మూసుకుని పాడుతోంది, పాదాలకి వెండి చెప్పులు, రెండూ. అది చూశాక సుసన్నకి తన మీద తనకే అసహ్యం వేసింది.

గబగబా వెళ్ళి సైలస్ పక్కన గొంతుక్కూర్చుంది.

"బాబాయ్, చాలు. ఇంక అనొద్దు."

"చాలేంటే? పిల్ల ఇప్పుడే అందుకుంది."

"టేపు అయిపోతోంది. కొత్త పాట పట్టదు. నీ కాళ్ళు పట్టుకుంటాను బాబాయ్."

సైలస్ నోరు తెరిచి, మూసి, తువ్వాలు కొస పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. సుసన్న వరస వరసకీ వెళ్ళింది. పెదవుల మీద వేలు పెట్టి చూపించింది, చేతులు జోడించింది. ఎనిమిదో పాటకి ముందు వరసలు ఊరుకున్నాయి. తొమ్మిదోది రేవు పాట. ఆ పాటకి వెనకవాళ్ళు ఊగిపోయారు. సుసన్న వాళ్ళ దగ్గరికి చేరేలోపే వన్స్ మోర్ అన్నారు. రెండోసారి అయ్యాక మళ్ళీ అన్నారు. మీలా చెంపలు తడిగా ఉన్నాయి. రేవు పాట మూడోసారి ఎత్తుకుంది.

"ముత్యం, మీవాళ్ళని నోరు మూసుకోమను!"

"ఏందక్కా, నువ్వే గోల జెయ్యమంటివి గద!"

"ఇప్పుడు నేనే వద్దంటున్నా. తరువాత పాటకి ఎవడైనా నోరు తెరిస్తే బిర్యానీ లేదు, ఏమీ లేదు."

ముత్యం ఆమె ముఖం చూసి బల్ల దిగాడు. వెనక్కి తిరిగి అరచేయి ఎత్తాడు. హాలంతా సద్దుమణిగింది.

మీలా కొత్త పాట మొదలుపెట్టింది. వాయించేవాళ్ళు చాలా మెల్లగా వాయిస్తున్నారు. రెండో చరణం అందుకోబోతుండగా మిషను టక్కుమంది. ఎర్రదీపం ఆరిపోయింది. జెర్రీ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

మీలా అది చూసింది. సుసన్న ఆమె చూడడాన్ని చూసింది. గొంతు ఆగలేదు. దీపం ఆరిన మిషను మీదే కళ్ళు పెట్టి ఆ పిల్ల పాటంతా పాడింది, చివరి మాటదాకా. తరువాత నిలబడింది. ఎవరూ కదల్లేదు. చప్పట్లు కూడా లేవు. అంతమంది ఊపిరి బిగబట్టి, సుసన్నకి ఇచ్చిన మాట నిలబెట్టుకుంటూ కూర్చున్నారు. మీలా కాసేపు ఎదురుచూసింది. వంగి నమస్కరించి తెల్ల దుప్పట్ల వెనక్కి వెళ్ళిపోయింది.

నిసార్ అహ్మద్ మనిషి వచ్చి మిషను పట్టుకుపోయాడు. మీలా గదికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. బిర్యానీ పెడితే తినలేదు.

శుక్రవారం పొద్దున సుసన్న ఆ చిన్న టేపుని లేసు రుమాల్లో చుట్టి, పెట్టెలో ఖాళీ ఉంచిన చోట పెట్టింది. మీలా లేచి కూర్చుని చూస్తోంది.

"తొమ్మిది పాటలే పడ్డాయంట," అంది సుసన్న. "జెర్రీ చెప్పాడు. చివరిది సగంలోనే..."

"టేపు సంగతి నాకు తెలుసు," అంది మీలా. "నేనడిగేది అది కాదు. అన్ని పాటలకీ అరిచారు. దానికి ఒక్కరూ అరవలేదు. అంత బాగాలేదా అతే?"

సుసన్న చేతిలో ఉన్న తువ్వాలు మడత ఆగిపోయింది. ఈ ముక్క తనకి తట్టనే లేదు.

"అరవొద్దని చెప్పింది నేను."

"నువ్వా?"

"టేపు మిగలాలని. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చేతులు జోడించాను. ముందే వెళ్ళాల్సింది. ఒక పాటంతా అక్కడే నిలబడిపోయాను."

"ఎందుకు?"

సుసన్న పెట్టెవైపు చూసింది. మీలా కూడా పెట్టెవైపు చూసింది, ఆ తరువాత తలగడవైపు. ఆమెకి అర్థమైంది. కోపం వస్తుందనుకుంది సుసన్న. మీలా మాత్రం చేతుల్లో ముఖం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, చివరికి అది నవ్వో కాదో తెలియకుండా పోయింది.

"అయితే వాళ్ళకి నచ్చిందా?"

"సైలస్ బాబాయ్ అరుపు ఆపుకోలేక తువ్వాలు కొరికేశాడు. చిరిగింది. కుట్టమని నాకే ఇచ్చాడు. ముత్యం బస్సు మెట్ల మీద కూర్చుని లేవడే. ఎవరి మీద పాట అక్కా అది, అన్నాడు. అమ్మ మీద అన్నాను. గందుకే, అన్నాడు."

మీలా కళ్ళు తుడుచుకుంది. "నీ రికార్డు పెట్టె తియ్యి," అంది.

సుసన్న దగ్గర టూ-ఇన్-వన్ ఒకటుంది. క్వార్టర్సులో తెలుగువాళ్ళు ఉత్తరాలు రాయలేక మాటలు రికార్డు చేసి ఊరికి పంపేది దానితోనే. అందులో కొత్త క్యాసెట్టు పెట్టి రెండు మీటలూ కలిపి నొక్కింది. మీలా సర్దిన పెట్టెకి ఆనుకుని నేల మీద కూర్చుని పాడింది. వాయిద్యాలు లేవు. కిటికీ బయట ఏసీ మిషన్ల హోరు, వరండాలో ఎవరో బకెట్టు ఈడుస్తున్న చప్పుడు. గాజుగోడ, తల్లి నోరు, పిల్ల తలూపడం. పాట అయింది.

మీలా కదలకుండా సుసన్న ముఖంలోకి చూస్తూ కూర్చుంది.

ఎందుకు చూస్తోందో సుసన్నకి కాసేపటిగ్గాని తెలియలేదు. తన జన్మలో ఏ నాటకానికీ ఆ మాట అనలేదు. అది మగవాళ్ళు అరిచే మాట.

"వన్స్ మోర్," అంది, గుసగుసగా.

మీలా మళ్ళీ మొదటినుంచి పాడింది. ఈసారి టేపు చాలింది.

క్యాసెట్టు బయటికి తీసి మీలా దాన్ని సుసన్న తలగడ కింద పెట్టింది.

"ఇలాంటి క్యాసెట్టు ఆ కంపెనీ తీసుకోదు. నీ దగ్గరే ఉంచు. అక్టోబరులో వచ్చి ఇద్దరం విందాం." తలగడ సరిచేసి, "ఈసారి నువ్వు దొంగిలించలేదు," అంది.

సాయంత్రం హోటలు వ్యానులో విమానాశ్రయానికి వెళ్ళారు. జెర్రీ పెట్టె మోశాడు. తాడు కట్టిన చక్రం నున్నటి నేల మీద కొట్టుకుంటూ వెళ్ళింది. లోపలికి టికెట్టున్నవాళ్ళనే పంపుతారు. మీలా పాస్‌పోర్టు చూపించుకుని గాజుతలుపు అవతలికి వెళ్ళాక వెనక్కి వచ్చింది. గాజుకి దగ్గరగా నిలబడి ఏదో చెప్పింది. పెదవులు కదిలాయి. ఇవతల ఏడ్చే పిల్లలు, తోపుడుబళ్ళు, అరబ్బీలో అనౌన్సుమెంటు. సుసన్న విన్నట్టుగా తలూపింది.

"ఏమంది అక్కా?" అన్నాడు జెర్రీ.

"వస్తానంది," అంది సుసన్న.

ఆ ఎండాకాలం దాటాక, హౌస్‌కీపింగులో పనిచేసే ఇర్మా సెలవు నుంచి వస్తూ ఒక క్యాసెట్టు తెచ్చింది. అట్ట మీద మీలా బొమ్మ, చేతులకి నరసాపురం లేసు. తొమ్మిది పాటలు. ప్రతిదీ ఒక్కసారే. మిగతావి కంపెనీవాళ్ళే కోసేశారు. అక్కడ ఎక్కువ కొట్లలో కనపడలేదనీ, రేడియోలో తను వినలేదనీ ఇర్మా చెప్పింది. మీలా ఎక్కడుందో ఆమెకి తెలియదు. రెండో పాట చివర మాత్రం కత్తెరకి అందకుండా ఒక అరుపు మిగిలిపోయింది. సైలస్ దాన్ని వంటశాలలో అందరికీ వినిపించాడు. ఇది నేనే, అన్నాడు. తరువాత పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు.

అక్టోబరు వచ్చింది. లాంజిలో పాడడానికి ఇంకో అమ్మాయిని తెచ్చారు. సుసన్న గదిలో రెండో మంచం ఆమెకిచ్చారు.

మీలా దోహా నుంచి 1995 ఏప్రిల్లో, ఒక శుక్రవారం సాయంత్రం వెళ్ళింది. మళ్ళీ రాలేదు.